బిస్కెట్ డబ్బాలో సంతకాలు

పోయిన నెల ఒక ఆడిటరు గారు ఫోన్ చేశారు. విజయవాడ గవర్నర్‌పేటలో ఆఫీసు. పదేళ్లుగా ఆయన కంప్యూటర్లు, వైర్లు, ప్రింటర్లు చూసేది నేనే. "పక్క బిల్డింగులో కీలన్నీ ఓ పెట్టెకి గుచ్చేసి నెట్‌వర్క్‌లో పెట్టారంటయ్యా. ఎవరి సీట్లో వాళ్లు కూర్చుని ఏది కావాలంటే అది వాడుకుంటున్నారంట. మనక్కూడా పెట్టెయ్," అన్నారు.

కీలంటే డిజిటల్ సంతకం టోకెన్లు. పెన్‌డ్రైవులా ఉంటాయి, కంప్యూటరుకి గుచ్చి పిన్ను కొడితే ఆ మనిషి పేరు మీద సంతకం పడుతుంది. కాయితాల మీద డీఎస్సీ (డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్) అని రాస్తారు గానీ, మనవైపు డీఎస్సీ అంటే టీచరు పోస్టుల పరీక్షే ముందు గుర్తొస్తుంది. అందుకని ఆఫీసుల్లో అందరి నోటా కీ అనే మాటే వినిపిస్తుంది.

పెట్టడం నాకు ఒక పూట పని. రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు ఒకటి, విడిగా కరెంటు తీసుకునే హబ్బులు నాలుగైదు, ఒక యూపీఎస్. "అలాగే సార్" అన్నాను. అని, వారం పాటు ఏదో ఒక వంక చెప్పి తప్పించుకు తిరిగాను. పైకి చెప్పిన వంక హబ్బులు స్టాకు లేవని. అసలు కారణం నాకే సరిగ్గా అంతుపట్టలేదు. ఇలాంటివి ఇంతకుముందు రెండు మూడు చోట్ల పెట్టినవాణ్నే, డబ్బు తీసుకున్నవాణ్నే. రాస్తే తేలుతుందేమోనని కూర్చున్నాను.

ముందు ఆ ఆఫీసులో డబ్బా సంగతి చెప్పాలి. సీనియర్ అకౌంటెంటు మేడం గారి టేబుల్ సొరుగులో గుండ్రటి బిస్కెట్ల రేకు డబ్బా ఒకటుంటుంది. అందులో ముప్ఫై చిల్లర కీలు. రైసు మిల్లు, కోల్డ్ స్టోరేజీ, రొయ్యల ఎగుమతి కంపెనీ, నర్సింగ్ హోము, ఒక కాలేజీ ట్రస్టు. ప్రతి కీకీ తెల్ల స్టిక్కరు. ఒక వైపు కంపెనీ పేరు పొడి అక్షరాల్లో, రెండో వైపు పిన్ను. కొన్నిటి మీద పిన్ను రాయలేదు. రాయకపోవడం జాగ్రత్త కొద్దీ కాదు. వాటికి కొన్నప్పటి పిన్నే ఉంది, ఒకటి నుంచి ఎనిమిది దాకా వరసగా. దాన్ని రాసిపెట్టుకోవడం దేనికి?

ఇది ఆ ఒక్క ఆఫీసు కథ అనుకోకండి. నేను తిరిగే ఆఫీసుల్లో డబ్బా మారుతుంది, అంతే. ఒకచోట స్వీట్ల పెట్టె, ఒకచోట పెన్సిల్ పౌచ్, ఒకచోట దేవుడి పటం వెనక చిన్న గూడు.

చేబదులు

యూఎస్‌బీని నెట్‌వర్క్ మీద పంచుకోవడమంటే ప్రింటర్ షేరింగ్ లాంటిదేనని చాలామంది అనుకుంటారు. ప్రింటరు విషయంలో మనం పంచుకునేది అది చేసే పనిని. నలుగురు నాలుగు కాయితాలు పంపితే వరసలో నిలబెట్టి అచ్చేస్తుంది. దాన్ని తగిలించిన కంప్యూటరు దాని యజమానిగానే ఉంటుంది. యూఎస్‌బీ ఓవర్ ఐపీలో, అంటే యూఎస్‌బీని నెట్‌వర్క్ మీద పంపే ఈ పద్ధతిలో, అలా కుదరదు. పరికరాన్నే అప్పజెప్పేస్తాం. పెట్టె దగ్గర బైండ్ చెయ్యగానే అక్కడి డ్రైవరు దాన్ని వదిలేస్తుంది. ఇక్కడ అటాచ్ చెయ్యగానే మన కంప్యూటరు అది తన పక్కనే గుచ్చారనుకుని టింగుమని చప్పుడు కూడా చేస్తుంది. మనం వదిలేదాకా మూడో మనిషికి అది లేనట్టే. పక్కింటి నిచ్చెన తెచ్చుకున్నట్టు. దీన్ని షేరింగ్ అన్నవాళ్లకి మన చేబదులు మాట తెలిసుంటే ఆ పేరే పెట్టేవాళ్లు.

అసలు ఇది పనిచెయ్యడమే ఒక వింత. యూఎస్‌బీ పరికరం తనంతట తాను నోరు విప్పదు. కంప్యూటరు అడిగితేనే చెబుతుంది. 1996లో యూఎస్‌బీ వచ్చినప్పటి నుంచీ సాధారణ పరికరాలకి ఇదే పద్ధతి. మీరు కీబోర్డు మీద అక్షరం నొక్కినా, "ఏమన్నా ఉందా" అని కంప్యూటరు మళ్లీ అడిగేదాకా అది ఆగాల్సిందే. అడిగిన దానికి జవాబు గడువులోగా రావాలి. యూఎస్‌బీ 2.0 తీగ 5 మీటర్లు దాటకూడదనడానికి ఒక కారణం ఈ గడువే. మరి పటమట నుంచి గవర్నర్‌పేట దాకా ఎలా పోతుంది? గడువుల గొడవంతా పరికరం పక్కనున్న పెట్టె చూసుకుంటుంది. ఊరు దాటి వచ్చేది "ఫలానా డేటా కావాలి" అన్న అర్జీ, దానికి జవాబు, ఆ రెండే. జపాన్‌లో నారా సైన్స్ అండ్ టెక్నాలజీ సంస్థకి చెందిన తకహిరో హిరోఫుచి, ఆయన తోటివాళ్లు 2005లో యూజ్‌నిక్స్ అనే కంప్యూటర్ల సభలో చెప్పిన ఉపాయం ఇది. లినక్స్‌లో ఏళ్ల తరబడి ప్రయోగదశ అరలో ఉండి, 2014లో 3.17 వెర్షన్‌తో అసలు కెర్నెల్‌లో, అంటే లినక్స్ గుండెకాయలో, కుదురుకుంది. విండోస్ లోపలే లినక్స్ నడుపుతూ, దానికి ఎలక్ట్రానిక్ బోర్డులు తగిలించుకునే కుర్రాళ్లు రోజూ వాడేది దీన్నే.

ఈ అర్జీ-జవాబు పద్ధతి వల్ల పెన్‌డ్రైవు నత్తనడక నడుస్తుంది. వెబ్‌క్యామ్ అయితే బొమ్మ ముక్కలు ముక్కలుగా వస్తుంది. సంతకం టోకెన్‌కి మాత్రం చీమ కుట్టినట్టయినా ఉండదు. ఎందుకంటే పత్రమంతా టోకెన్‌లోకి పోదు. దాని సారం, హాష్ అంటారే, ఆ 32 బైట్లు లోపలికి పోతాయి, సంతకంగా 256 బైట్లు బయటికి వస్తాయి. అటూ ఇటూ కొంచెం మర్యాద మాటలు. నెట్‌వర్క్ మీద చేబదులివ్వడానికి ఇంతకంటే అనువైన పరికరం లేదు. నాకు చిక్కొచ్చింది సరిగ్గా అక్కడే.

ఫ్లెక్స్ షాపులో

చేబదులుకి నేను వ్యతిరేకిని కాదు. నా స్నేహితుడొకడికి ఫ్లెక్స్ షాపుంది. కింద పెద్ద మెషీను, పై అంతస్తులో డిజైనింగు. బొమ్మని ఇంకు చుక్కలుగా మార్చే రిప్ సాఫ్ట్‌వేరు కిందా ఉంది, పైనా ఉంది. దాన్ని నడిపించే లైసెన్సు ముక్క, డాంగిల్ అంటారే, అది మాత్రం ఒక్కటే. 2024 ఎన్నికలప్పుడు రాత్రంతా పని. పని కుర్రాడు డాంగిల్ పట్టుకుని మెట్లెక్కడం, దిగడం. ఒక రాత్రి రెండింటికి దాన్ని చొక్కా జేబులో మర్చిపోయి ఇంటికెళ్లి పడుకున్నాడు. ఫోన్ ఎత్తడు. తెల్లారి రావాల్సిన నాయకుడి ఫ్లెక్సు రాలేదు. షాపువాడికి ఆ రోజు పడిన తిట్లు ఇక్కడ రాయలేను.

మర్నాడు నేను వెళ్లి గంటలో నెట్‌వర్క్ మీద పెట్టాను. లైసెన్సు మాటేమిటని ముందే ఒప్పందం చదివాను. ఒకసారికి ఒక్క మెషీను అని ఉంది. ఎలాగూ ఒకసారికి ఒక్కరే అటాచ్ చేసుకోగలరు. ఎవరికీ నష్టం లేదు. రెండేళ్లు కావస్తోంది, కరెంటు పోయి పెట్టె మళ్లీ లేచినప్పుడు తప్ప దాని గురించి ఫోను రాలేదు.

సంతకం టోకెనూ చూడ్డానికి అచ్చం ఆ డాంగిల్‌లాగే ఉంటుంది. అదే సైజు, అదే లైటు. కానీ డాంగిల్ చెప్పే మాట "ఈ సాఫ్ట్‌వేరుకి డబ్బు కట్టారు" అని. అది కుర్రాడు గుచ్చినా, ఓనరు గుచ్చినా నిజమే. టోకెన్ చెప్పే మాట "ఈ మనిషి ఇది చూశాడు, ఒప్పుకున్నాడు" అని. గుచ్చినదెవరన్న దాన్ని బట్టి అది నిజమవుతుంది, అబద్ధమవుతుంది. రెండూ ఒకే రంధ్రంలో పట్టడం వల్ల మనం రెండిటినీ ఒకే గాటన కట్టేశాం.

వాచ్‌మన్ చెప్పిన నిజం

2020 ఏప్రిల్. ఆఫీసు మూత. ఆడిటరు గారు పటమటలో ఇంట్లో, కీలు గవర్నర్‌పేటలో డబ్బాలో. కంపెనీల జీఎస్టీ 3బీలకి, అంటే నెలవారీ రిటర్నులకి, టోకెన్ తప్పనిసరి. వాటిని ఓటీపీతో వేసుకోవచ్చని వెసులుబాటు ఇంకా రాలేదు, తర్వాత ఇచ్చారు. బిల్డింగు వాచ్‌మన్ అక్కడే ఉంటాడు, తాళం అతని దగ్గరుంది. ఫోన్‌లో చెబుతూ అతని చేత సొరుగు తీయించి, మిల్లు కీ వెతికించి, మేడం గారి కంప్యూటరుకి గుచ్చించాం. ఆడిటరు గారు ఇంటి నుంచి, దూరాన్నుంచే ఇంకో కంప్యూటరు వాడుకునే విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌లో, అందులోకి వెళ్లారు. టోకెన్ లేదంటోంది.

"సరిగ్గా గుచ్చావా?" అని నేను. "లైటు వెలుగుతోంది బాబూ, నా కళ్లతో చూస్తన్నా," అని అతను. పీకించాం, గుచ్చించాం, వేరే రంధ్రంలో పెట్టించాం, కంప్యూటరు ఆపించి వేయించాం. అతనికి లైటు వెలుగుతోంది, మాకు టోకెన్ లేదు. రెండు రోజులు. చివరికి తెలిసింది: రిమోట్ డెస్క్‌టాప్‌లో ఉన్నప్పుడు స్మార్ట్‌కార్డు గురించి (విండోస్ లెక్కలో మన టోకెనూ అదే) ఎవరడిగినా విండోస్ అవతలి కంప్యూటరులో వెతకదు, మనం కూర్చున్న కంప్యూటరులో వెతుకుతుంది. పటమటలో వెతికింది, గవర్నర్‌పేటలో లైటు వెలుగుతూనే ఉంది. వాచ్‌మన్ చెప్పింది అక్షరాలా నిజం. ఎనీడెస్క్ పెట్టి పని కానిచ్చాం. అది అవతలి తెరనే మనకి చూపిస్తుంది కాబట్టి ఈ తేడా రాలేదు.

ఆ రోజుల్లో నేను విండోస్‌ని తిట్టని తిట్టు లేదు. ఇప్పుడు ఇది రాస్తుంటే మాత్రం వేరేగా తోస్తోంది. ఆ ఏర్పాటు చేసినవాళ్లు ఒక లెక్క వేసుకున్నారు: కార్డు మనిషి దగ్గరుంటుంది, మనిషి ఎక్కడుంటే అక్కడ వెతకాలి. మన లెక్కలో కార్డు డబ్బాలో ఉంటుంది, మనిషి ఎక్కడున్నా ఫర్వాలేదు. విండోస్ అమాయకంగా మనిషి కోసం వెతికింది.

కొండ మీద ఉన్న మనిషి

ఆ మిల్లు ఆయన మరో ఏడాది ఆఫీసుకొచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను, స్కానరు బాగుచేస్తూ. బ్యాంకు లోను కోసం కంపెనీ ఏఓసీ-4, అంటే ఏడాది లెక్కలు ప్రభుత్వానికి దాఖలు చేసే ఫారం, కాపీ కావాలన్నారు. మేడం ప్రింటు తీసిచ్చారు. ఆయన కళ్లజోడు పెట్టుకుని చివరి పేజీ చూశారు. సంతకం పెట్టె, పక్కన తేదీ, టైము. అక్టోబరు 29, రాత్రి 11 గంటల 40 నిమిషాలు.

"ఆ రాత్రి నేను కొండ మీద కంపార్ట్‌మెంటులో కూర్చునున్నానే!" అన్నారాయన. "ఫోన్లు కూడా డిపాజిట్ చేశాం." ఒక్క క్షణం గదంతా నిశ్శబ్దం. తర్వాత ఆయనే పకపకా నవ్వారు. "నేను దేవుడి దగ్గరున్నా ఇక్కడ పని ఆగలేదు చూశారా. అదీ మా ఆడిటరు గారంటే," అన్నారు. మేడం గారూ నవ్వారు. నేను స్కానరు మూత బిగించుకుంటూ ఉండిపోయాను.

ఆయనకి కోపం వచ్చుంటే నాకు ఇంత గుర్తుండేది కాదు. ఆయన సంతోషించారు. ఆయన పేరు మీద, ఆయన లేని చోట, ఆయన చదవని కాయితం మీద సంతకం పడితే, దాన్ని సేవగా తీసుకున్నారు.

చట్టం దీన్ని సేవగా తీసుకోదు. 2000 నాటి ఐటీ చట్టంలో 42వ సెక్షను, రహస్య కీ తన అదుపులో ఉంచుకునే జాగ్రత్త సంతకందారుడిదే అంటుంది. అది చేజారితే ఆలస్యం చెయ్యకుండా, ఆ సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకి చెప్పమంటుంది. డబ్బాలో ముప్ఫై కీలు, ఒక్కటీ సంతకందారుడి అదుపులో లేదు. పాత సాక్ష్య చట్టంలో 85బీ సెక్షను ఇంకో అడుగు ముందుకేసింది. సురక్షితమైన ఎలక్ట్రానిక్ సంతకం పడిందంటే, సంతకం పెట్టాలన్న ఉద్దేశంతోనే ఆ మనిషి పెట్టాడని, కాదని రుజువయ్యేదాకా, కోర్టు అనుకుంటుంది. అంటే కొండ మీద ఉన్నానని రుజువు తెచ్చుకోవాల్సింది మిల్లు ఆయనే. దర్శనం టికెట్టు దాచుకున్నారో లేదో నేనడగలేదు.

ఆడిటరు గారి వైపు నుంచి

వంకలు అయిపోయాక నా గొడవంతా ఆయన ముందు పెట్టాను. ఆయన ఓపిగ్గా విన్నారు. విని చెప్పిన మాటలు కొట్టిపారేసేవి కావు.

"నువ్వనేది బానే ఉంది. కానీ ఆ మిల్లాయనకి కంప్యూటరు ఆన్ చెయ్యడం రాదు. నెలకి ఆయన కంపెనీలవి రెండు 3బీలు, రెండు జీఎస్టీఆర్-1లు. ప్రతిసారీ ఆయన్ని గుడివాడ నుంచి రమ్మననా? ఇరవయ్యో తారీఖు సాయంత్రం సైటు గిర్రున తిరుగుతా ఉంటే, రాత్రి పదకొండింటికి దొరికిన సందులో మా పిల్లలు కొడతారు. ఆయన కోసం ఆగితే లేట్ ఫీజు ఎవడు కడతాడు? పోనీ టోకెన్ అక్కర్లేని వాళ్లున్నారుగా, వాళ్లకి ఓటీపీ. ఏం చేస్తున్నాం? ఫోన్ చేసి, సార్ నంబరొచ్చిందా చెప్పండి అంటాం. పెళ్లిలో ఉన్నా చెబుతారు. దానికీ దీనికీ తేడా ఏముంది?"

తేడా ఉందనిపించింది నాకు. ఓటీపీ అయితే కనీసం అడగాలి, ఆయన చెప్పాలి. చెప్పే ముందు "దేనికిది?" అని అడిగే సందు ఒకటుంది. అడగరు, నిజమే. కానీ సందుంది. పిన్ను స్టిక్కరు మీదుంటే ఆ సందు కూడా లేదు.

ఆయన ఇంకో మాటన్నారు. దీనికి మాత్రం నా దగ్గర జవాబు లేకపోయింది. "డబ్బాలో ఉండటం కంటే నువ్వు పెట్టే పెట్టెలో ఉండటమే మంచిది కాదా? డబ్బాలోంచి ఎవరు తీశారో తెలీదు. పెట్టె అయితే రాసిపెడుతుందిగా."

ఆయన అన్నది నిజం. పోయినేడాది జరిగింది చెప్పాలి. తాత పేరు మనవళ్లకి పెట్టుకోవడం మన అలవాటు. ఒకే తాత, ఇద్దరు మనవళ్లు, అన్నదమ్ముల బిడ్డలు, ఇద్దరి పేరూ ఇంటిపేరుతో సహా ఒకటే. ఇద్దరివీ వేరే వేరే కంపెనీలు, ఇద్దరి కీలూ అదే డబ్బాలో. ఆర్టికల్స్‌లో, అంటే సీఏ శిక్షణలో, ఉన్న కుర్రాడు రెండూ ఒకే కంప్యూటరుకి గుచ్చి, లిస్టులో చిన్నవాడి సర్టిఫికెట్టు ఎంచుకుని, పెద్దవాడి పిన్ను కొట్టాడు. తప్పంది. మళ్లీ కొట్టాడు. సైటే పాడైందనుకుని మళ్లీ మళ్లీ కొట్టాడు. టోకెన్ లాకైపోయింది. కొత్తది తీసుకోవాల్సొచ్చింది, ఫోటో, వీడియో, అన్నీ మొదట్నుంచి. పెట్టెలో పెట్టి, ఒక సీటుకి ఒకసారి ఒక్క కీయే ఇచ్చేలా కడితే ఇలాంటిది జరగదు. ఎన్నింటికి ఏ కంప్యూటరు తీసుకుందో లాగ్‌లో ఉంటుంది. మనిషి పేరు ఉండదు సుమా, కంప్యూటరు పేరే. ఆ సీట్లో ఆ పూట ఎవరు కూర్చున్నారన్నది మళ్లీ మేడం గారినే అడగాలి.

కాబట్టి డబ్బా, పెట్టె, ఈ రెండిట్లో ఒకటి తేల్చుకోమంటే నేనూ పెట్టెకే ఓటేస్తాను. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు వారం పట్టింది. వైరు పొడుగుండటంలో తప్పేమీ లేదు. తప్పు స్టిక్కరు వెనక వైపుంది. టోకెన్ ఎక్కడున్నా సంతకం చేసేది పిన్ను. అది పదిమందికి తెలిసుంటే, టోకెన్‌ని బ్యాంకు లాకరులో పెట్టినా ఒకటే, నెట్‌వర్క్‌లో పెట్టినా ఒకటే.

అయితే పెట్టె తనతో తెచ్చే తలనొప్పులు పెట్టెవే. అవి ఆయనకి మాటల్లో చెబితే ఎక్కలేదు, చూపించాల్సొచ్చింది.

వెయిటింగ్ రూములో ల్యాప్‌టాప్

ఒక హబ్బు, ఒక పై తెచ్చి, ఆయన అనుమతితో ఆయన సొంత కీ ఒక్కటే అందులో పెట్టాను. కొత్తగా ఏదీ కట్టుదిట్టం చెయ్యకుండా, ఇంటర్నెట్‌లో వీడియో చూసి ఎవరైనా ఎలా పెడతారో అలాగే పెట్టాను. తర్వాత బయటికొచ్చి క్లయింట్లు కూర్చునే సోఫాలో కూర్చున్నాను. గోడ మీద వైఫై పాస్‌వర్డు అంటించి ఉంది, వచ్చినవాళ్లకి విసుగు పుట్టకుండా. దాంతో కనెక్టయి, పెట్టెలో ఏ పరికరాలున్నాయో లిస్టు అడిగాను. వచ్చింది. 3240 పోర్టు, యూజర్ పేరు లేదు, పాస్‌వర్డు లేదు. అటాచ్ చేశాను. నా ల్యాప్‌టాప్‌లో టింగుమంది. టోకెన్‌లో డ్రైవర్లు ఉండే సీడీ బొమ్మ ఒకటి ప్రత్యక్షమైంది. సర్టిఫికెట్టు తెరిస్తే ఆయన పూర్తి పేరు. పేరు చదవడానికి పిన్ను అక్కర్లేదు.

ల్యాప్‌టాప్ లోపలికి తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను. "పిన్ను కొట్టనా సార్?" అన్నాను. "నీకు తెలీదుగా," అన్నారు. ఒకటి నుంచి ఎనిమిది దాకా కొట్టాను.

ఆయన కాసేపు తెర వైపు చూసి, "టీ తాగుదాం పద," అన్నారు.

ఈ ప్రోటోకాల్‌లో గోప్యత అనేది తనంతట రాదు. టోకెన్ తన మాటల్ని తానే ముసుగేసి పంపే రకం కాకపోతే, కొట్టిన పిన్ను కూడా వైరు మీద బహిరంగంగానే పోతుంది. వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ సొరంగం లేకుండా దీన్ని ఇల్లు దాటించకూడదు. ఇంట్లో కూడా అతిథుల వైఫైకీ దీనికీ మధ్య గోడ ఉండాలి. రౌటరు వెనక యూఎస్‌బీ రంధ్రముంటుంది కదా, అందులోనే పెట్టెయ్యొచ్చుగా అనేవాళ్లూ ఉన్నారు. చాలా కంపెనీల రౌటర్లలో ఆ పని చేసే నెట్‌యూఎస్‌బీ అనే ముక్క గురించి 2015లో బయటపడింది వింటే ఆ సరదా తీరిపోతుంది. కనెక్టయ్యే కంప్యూటరు తన పేరు 64 అక్షరాలకి మించి చెబితే చాలు, రౌటరు కెర్నెల్‌లో జ్ఞాపకం పొంగిపొర్లేది. పేరు పొడుగుండటమే ఆయుధం. మన ఇంటిపేర్లతో జాగ్రత్త మరి.

చివరికి ఏం పెట్టామంటే

టీ తాగాక ఆయనే అడిగారు, "సరే, ఏం చేద్దామంటావ్?"

వాచ్‌మన్ కథ తిరగేశాను. విండోస్ మనిషి దగ్గరే కార్డు వెతుకుతుంది కదా, అలాగే వెతకనిద్దాం. కీ మిల్లాయన దగ్గరే ఉంటుంది. ఇక్కడ ఒక పాత కంప్యూటరు విడిగా పెట్టాం, సంతకాల మెషీనని పేరు. విండోస్ ప్రో వెయ్యాల్సొచ్చింది. హోమ్ ఎడిషన్‌లోకి బయటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌లో రానివ్వదు. పిల్లలు అందులో రిటర్ను అంతా తయారుచేసి, ఫైల్ నొక్కే దగ్గర ఆపి ఫోన్ చేస్తారు. ఆయన ఇంట్లో ల్యాప్‌టాప్‌కి కీ గుచ్చి, సొరంగంలోంచి ఆ మెషీనులోకి వచ్చి, రిటర్ను చూసి, పిన్ను కొడతారు. కార్డు మాటలు మాత్రం ఎన్‌క్రిప్టయిన అదే దారిలో అటూ ఇటూ నడుస్తాయి. నెట్‌వర్క్ మీద యూఎస్‌బీ పంచుకునే పెట్టె అసలు అక్కర్లేకుండానే పోయింది. హబ్బుల డబ్బు ఆయనకి మిగిలింది, పెట్టె మీద నాకొచ్చే డబ్బు పోయింది.

ఇందులోనూ ఇబ్బందులున్నాయి. క్లయింటుని ఆఫీసు మెషీనులోకి రానిస్తే ఇంకో క్లయింటు కాయితాలు కనబడతాయి. అందుకే ఆ మెషీనులో బ్రౌజరు, టోకెన్ డ్రైవర్లు తప్ప ఏమీ ఉంచలేదు, ఒక్కో కంపెనీకి ఒక్కో లాగిన్. రెండు రకాల టోకెన్ల డ్రైవర్లు ఈ పద్ధతికి మొరాయించాయి. వాళ్లకి ఎనీడెస్కే తిప్పి వాడుతున్నాం, వాళ్ల తెర మీద వాళ్ల చేతే. కంపెనీల చట్టం ఫారాలకి ఈ తిప్పలేవీ లేవు. పీడీఎఫ్ మెయిల్లో పంపితే ఆయన తన ఇంట్లోనే సంతకం చేసి తిరిగి పంపొచ్చు. పత్రమే మనిషి దగ్గరికి నడిచొస్తుంది. జీఎస్టీ సైటులో లాగినూ టోకెనూ ఒకేచోట ఉండాలి కాబట్టి ఇంత యాతన. వాళ్లు కూడా పత్రాన్ని బయటికిచ్చి సంతకం చేయించుకునే దారి పెడితే సగం డబ్బాలు ఖాళీ అవుతాయని నా నమ్మకం.

రొయ్యల కంపెనీలో ఒక డైరెక్టరు డల్లాస్‌లో ఉంటాడు. అతని కీ కూడా ఇన్నాళ్లూ డబ్బాలోనే. పండక్కి వచ్చినప్పుడు పట్టుకెళ్లాడు. మొదటిసారి అక్కడి నుంచి సంతకం చేసినప్పుడు తెర చాలాసేపు తిరిగింది. ప్రతి ప్రశ్నా సముద్రం దాటి వెళ్లి రావాలి మరి. అయింది గానీ, "మీరే కొట్టేసుంటే నిమిషం పని కదండీ" అని అతను విసుక్కున్నాడు.

ముప్ఫై మూడింట్లో పద్నాలుగు కీలు ఓనర్ల ఇళ్లకి చేరాయి. మిగతా పంతొమ్మిదికీ ఇళ్లలో ల్యాప్‌టాప్ లేదు, లేదా చెయ్యగలిగే మనిషి లేడు, లేదా "మాకెందుకండీ ఇవన్నీ" అన్నారు. వాళ్ల స్టిక్కర్లు పీకించాను. పిన్నులు మార్పించి, ఎవరిది వాళ్లకి ఫోన్‌లో చెప్పించాం. వాళ్లు ఆ నంబరు కాయితం మీద రాసుకుని ఎక్కడ పెట్టుకున్నారో, మేడం గారికి మళ్లీ ఎంతమంది చెప్పేశారో నేను ఊహించుకోగలను. బిస్కెట్ డబ్బాకి మూత సరిగ్గా పట్టడం లేదని మేడం కొత్త డబ్బా తెచ్చారు.

ఈ నెల ఇరవయ్యో తారీఖు రాత్రి తొమ్మిదిన్నరకి మిల్లాయన ఫోన్ చేశారు. టోకెన్ పట్టుకోవట్లేదేమోనని కంగారుపడ్డాను. అది కాదు. "అబ్బాయ్, ఇందులో గోనె సంచుల మీద కట్టిన పన్నుకి నాకు రావాల్సిన క్రెడిట్ ఇంత తక్కువ చూపిస్తోందేంటి?" అన్నారు. నాకేం తెలుస్తుంది, ఆడిటరు గారికి కలిపాను. సంచులమ్మినవాడు తన రిటర్ను వెయ్యలేదట, అందుకని ఇక్కడ రాలేదట. అరగంట మాట్లాడుకున్నారు. మిల్లాయన ఆ సంచుల వ్యాపారికి ఆ రాత్రే ఫోన్ చేసి నాలుగు చివాట్లు పెట్టారు. పదకొండు ఇరవైకి పిన్ను కొట్టారు.

మర్నాడు ఆడిటరు గారు నాకు ఫోన్ చేసి, "నీ పుణ్యమా అని క్లయింట్లు రిటర్న్‌లు చదవడం మొదలెట్టారయ్యా," అని విసుక్కున్నారు.